పట్నమా, పల్లెనా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పట్నం నుంచి పల్లెకి మారాను. నాలుగేళ్లుండి మళ్లీ పట్నం చేరాను. ఇప్పుడు తిరిగి పల్లెలోనే ఉంటున్నాను. మూడుసార్లు సామాను కట్టిన మనిషి కదా, ఇతనికి తెలిసుంటుందని తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు అడుగుతూనే ఉంటారు. అడిగేవాళ్లు మారుతుంటారు గానీ ప్రశ్నలు మారవు. అందుకే రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, మొదటి నుంచీ చదవనక్కర్లేదు.

## ఇంకా తేల్చుకోనివాళ్లకి

సూటిగా చెప్పండి, పట్నం మంచిదా పల్లె మంచిదా?

రోజూ కావలసినవి దగ్గరుండి, ఎప్పుడో ఒకసారి కావలసినవి దూరంగా ఉంటే అది మీకు మంచి చోటు. అది తారుమారైతే ఎంత అందమైన చోటైనా ఏడాది తిరిగేసరికి విసుగొస్తుంది. దేనికి దగ్గరగా ఉండాలి, దేనికి దూరమైనా సర్దుకోగలం అన్నదే అసలు లెక్క.

ఒక పని చేయండి. రెండు వారాల పాటు గడప దాటిన ప్రతిసారీ ఎందుకు దాటారో ఓ నోటుపుస్తకంలో రాయండి. నేను రాసినప్పుడు 14 రోజుల్లో 31 సార్లు బయటికి వెళ్లాను. సినిమాలు, పుస్తకాల షాపులు, సభలు, వీటి కోసమే పట్నంలో ఉంటున్నానని నా నమ్మకం. ఆ రెండు వారాల్లో వాటిలో ఒక్కదానికీ వెళ్లలేదు. మందుల షాపుకి మాత్రం ఐదుసార్లు వెళ్లాను. అంతకుముందు నెలల తరబడి చేసిన వాదనలకంటే ఆ ఒక్క పేజీ నాకు ఎక్కువ చెప్పింది.

మా ఊరు పట్నమూ కాదు, పల్లే కాదు. ఈ ప్రశ్న మాకు వర్తిస్తుందా?

వర్తిస్తుంది. అసలు పట్నం అంటే ఏమిటన్నదే దేశానికో రకంగా ఉంది. డెన్మార్క్‌లో 200 మంది ఒకచోట కాపురముంటే అది పట్టణం లెక్కలోకి వస్తుంది. జపాన్‌లో నగరం అనిపించుకోవాలంటే 50,000 మంది ఉండాలి. ఐక్యరాజ్యసమితి 2018 లెక్క ప్రకారం ప్రపంచ జనాభాలో 55 శాతం పట్టణవాసులే, 1950లో 30 శాతమే. ఆ 55 శాతంలో కోటి మంది ఉండే మహానగరాలూ ఉన్నాయి, రెండు వీధుల చిన్న పట్టణాలూ ఉన్నాయి. కాబట్టి మీ ఊరి బోర్డు మీద ఏముందో వదిలేయండి. కుళాయి నీళ్లు ఎవరిస్తారు, చెత్త ఎవరు తీస్తారు, రాత్రి పది తర్వాత బండి దొరుకుతుందా? ఈ మూడింటికి జవాబు చెప్పుకుంటే మీరు ఏ వైపు ఉన్నారో తెలిసిపోతుంది.

పల్లెలో ఖర్చు సగానికి సగం తగ్గుతుందంటారు, నిజమేనా?

అద్దె తగ్గుతుంది, అందులో సందేహం లేదు. మిగతాదంతా మీ అలవాట్లని బట్టి ఉంటుంది. మిగిలిన డబ్బులో పెద్ద వాటా బండ్లు మింగుతాయి. పట్నంలో ఒక బండితో గడిచిన ఇంటికి పల్లెలో రెండు కావలసి రావచ్చు, ఎందుకంటే ఒకరు బండి తీసుకెళ్తే ఇంకొకరు ఇంట్లో ఇరుక్కుపోతారు.

చాలామంది లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటుంది. పట్నంలో నీళ్లకీ మురుగుకీ చెత్తకీ నెలనెలా తిట్టుకుంటూ డబ్బు కడతాం, ఆపైన మర్చిపోతాం. పల్లెలో విడిగా ఇల్లు తీసుకుంటే ఆ శాఖలన్నీ మీరే. మోటారు కాలిపోతే మెకానిక్ వచ్చేదాకా నీళ్లు మోసేది మీరు. సెప్టిక్ ట్యాంకు మామూలుగా మూడు నుంచి ఐదేళ్లకోసారి తోడించాలి, అది గుర్తుపెట్టుకోవలసిందీ మీరే. డబ్బులో మిగిలేది పనిలో పోతుంది. ఆ పని మీకు ఇష్టమైతే లాభం, కాకపోతే నష్టం. నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడమంటే సరదా కాబట్టి గట్టెక్కాను.

జీతాలు పట్నంలోనే ఎందుకు ఎక్కువ? పల్లెకి వెళ్తే ఎదుగుదల ఆగిపోతుందా?

2007లో లూయిస్ బెటెన్‌కోర్ట్, జెఫ్రీ వెస్ట్ మొదలైన శాస్త్రవేత్తలు ఎన్నో నగరాల లెక్కలు తీసి ఒక విషయం చూపించారు. నగరం జనాభా రెట్టింపైతే జీతాలు, పేటెంట్లు లాంటివి మొత్తంగా రెట్టింపై, ఆపైన తలకి మరో 15 శాతం దాకా పెరుగుతాయి. మనిషికి మనిషి తగలడం వల్ల పనులు పుడతాయి, అదీ కారణం. అయితే అదే లెక్కలో నేరాలు, అంటురోగాలు కూడా అదే తీరున పెరిగాయి. మంచి ఒక్కటే విడిగా రాదు.

మీ సంగతికొస్తే, కొత్తవాళ్లని కలిస్తేనే ముందుకు సాగే వృత్తి అయితే మొదటి పదేళ్లు పట్నంలో గడపడం మేలు. పేరు స్థిరపడి, పని మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చే దశలో ఉంటే దూరం పెద్ద అడ్డంకి కాదు. ఇరవై రెండేళ్ల కుర్రాడికీ నలభై ఐదేళ్ల మనిషికీ నేను ఒకే సలహా ఇవ్వను.

ఆయనకి పల్లె కావాలి, నాకు పట్నం కావాలి. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

ఈ ప్రశ్న అడగని ఇల్లు నేను చూడలేదు. గొడవ పడే ముందు ఒక్కటి తేల్చుకోండి: మారితే ఎవరి పని పెరుగుతుంది? పల్లె కావాలని కలగనేది చాలాసార్లు పొద్దున్నే బయటికెళ్లి సాయంత్రం వచ్చే మనిషి. నీళ్లు రాకపోతే, కరెంటు పోతే, పిల్లకి జ్వరమొస్తే ఎదుర్కొనేది ఇంట్లో ఉండే మనిషి. కోరిక ఒకరిది, చాకిరీ ఇంకొకరిది అయితే ఆ ఇల్లు నిలవదు.

అందుకే నా మాట: ఎవరికి పని ఎక్కువ పడుతుందో వాళ్లకి రెండు ఓట్లు. ఇది విని నవ్వినవాళ్లున్నారు, కోప్పడినవాళ్లూ ఉన్నారు. మేము మొదటిసారి మారినప్పుడు ఈ పద్ధతి పాటించలేదు, నాలుగేళ్లకే వెనక్కి రావడానికి సగం కారణం అదే. రెండోసారి నా భార్య చూసి సరేనన్న ఇల్లే తీసుకున్నాం. అది నేను చూపించిన మూడింటిలో లేదు.

శివార్లలో ఉంటే రెండూ కలిసొస్తాయి కదా?

1898లో ఇంగ్లండ్‌లో ఎబెనెజర్ హోవార్డ్ అనే ఆయన కూడా ఇలాగే ఆలోచించాడు. పట్నం ఒక అయస్కాంతం, పల్లె ఒక అయస్కాంతం, ఆ రెండింటి మేలూ కలిపిన ఊరు మూడో అయస్కాంతం అన్నాడు. 1903లో లెచ్‌వర్త్ అనే ఊరు ఆ ఆలోచన మీదే కట్టడం మొదలుపెట్టారు. అయితే ఆయన ఊహించిన ఊళ్లో ఇళ్లతో పాటు పని, బడి, తోట అన్నీ అక్కడే ఉండాలి. ఇప్పటి శివార్లలో ఎక్కువగా ఇళ్లు మాత్రమే ఉంటాయి, పని ఇంకా పట్నం నడిబొడ్డునే ఉంటుంది. అలాంటి చోట పట్నం ట్రాఫిక్కు, పల్లె దూరం రెండూ ఒకేసారి అనుభవించవచ్చు. నడిచి వెళ్లే దూరంలో ఒక బడీ, ఒక మందుల షాపూ, ఒక బస్సు స్టాపూ ఉన్న శివారైతే నిజంగానే బావుంటుంది.

రోజూ ఎంత ప్రయాణమైతే భరించగలం?

చేజరే మార్కెట్టి అనే ఇటలీ శాస్త్రవేత్త 1994లో రాసిన ఒక వ్యాసంలో, నడిచి వెళ్లే కాలం నుంచి కార్ల కాలం దాకా మనుషులు రోజుకి సుమారు ఒక గంటే ప్రయాణానికి కేటాయిస్తూ వచ్చారని వాదించాడు. వేగం పెరిగితే ఇంకాస్త దూరం వెళ్లి కాపురం పెడతారు, గంట మాత్రం గంటగానే ఉంటుంది. నాకు తెలిసిన ఇళ్లలోనూ అంతే. రానూ పోనూ గంటలోపు అయితే ఎవరూ దాని ఊసెత్తరు. గంటన్నర అయితే వారాంతాల్లో సణుగుడు మొదలవుతుంది. రెండున్నర దాటితే ఇల్లు మారే మాటలే వినిపిస్తాయి. దూరం కిలోమీటర్లలో కొలవకండి, సోమవారం పొద్దున పట్టే నిమిషాల్లో కొలవండి.

## చూడ్డానికి వెళ్లేటప్పుడు

ఇల్లు చూడ్డానికి ఏ కాలంలో వెళ్లాలి?

ఆ చోటుకి ఏది గడ్డుకాలమో అప్పుడు. వానాకాలంలో దారి మునిగే ఊరైతే వానాకాలంలో, ఎండాకాలంలో బావులు ఎండే ఊరైతే మండుటెండల్లో, మంచు పడే చోటైతే మంచులో. బాగున్న రోజున ఏ ఊరైనా బాగానే ఉంటుంది, దూరపు కొండలు నునుపని ఊరికే అనలేదు. పట్నంలో చూసే ఇంటికీ ఇదే వర్తిస్తుంది. ఆదివారం మధ్యాహ్నం కాకుండా, పనిదినం సాయంత్రం ఏడింటికి ఒకసారి, రాత్రి పదకొండింటికి ఒకసారి వెళ్లి ఆ వీధిలో పావుగంట నిలబడండి.

పల్లెలో ఇల్లు చూసినప్పుడు మొదట ఏం గమనించాలి?

గోడలు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పెరడు చూశాను, చెట్లు చూశాను, అరుగు మీద కూర్చుని ఫోటో కూడా దిగాను. వెనక గది గోడ మీద మోకాలెత్తున నిలువునా కాకుండా అడ్డంగా, చెయ్యి పెట్టి గీసినట్టు తిన్నగా ఒక లేత గోధుమరంగు గీత ఉంది. సున్నం మాసిందనుకున్నాను. అది అంతకుముందు వానల్లో నీళ్లు నిలిచిన ఎత్తని ఆగస్టులో తెలిసింది, మంచం కింద చెప్పులు తేలుతూ కనిపించినప్పుడు. పైకప్పు నుంచి కారితే మరక పైనుంచి కిందికి జారుతుంది. గది నాలుగు గోడల మీదా ఒకే ఎత్తులో అడ్డగీత కనిపిస్తే అది వరద నీరే.

తర్వాత కుళాయి విప్పి పది నిమిషాలు వదిలేయండి, ధార సన్నబడుతుందేమో చూడండి. మరుగుదొడ్డిలో రెండు బకెట్లు పోసి నీళ్లు ఎంతసేపట్లో దిగుతాయో చూడండి. ఇంటికొచ్చే దారి ఎవరి పేరున ఉందో అడగండి. పక్కవాళ్ల స్థలం మీదుగా వచ్చే దారైతే, ఆ హక్కు కాగితం మీద ఉందో లేదో చూసుకోకుండా ముందుకెళ్లకండి. ఇవాళ పలకరించి నవ్వే పొరుగువాళ్లు రేపు అమ్మేసుకుని వెళ్లిపోవచ్చు.

నీళ్లు తియ్యగా ఉన్నాయి, తరతరాలుగా తాగుతున్నారు. పరీక్ష చేయించాలా?

చేయించాలి. ప్రమాదకరమైనవాటికి రుచీ వాసనా ఉండవు. ఆర్సెనిక్, ఫ్లోరైడ్, నైట్రేట్ ఈ మూడూ నాలుకకి తెలియవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితుల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. పొలాల్లో వేసే ఎరువుల వల్ల, సెప్టిక్ ట్యాంకుల వల్ల నైట్రేట్ బావుల్లోకి చేరుతుంది. పాలపొడి ఈ నీళ్లలో కలిపి పట్టే పసిపిల్లలకి అది మరీ ముప్పు. కాచి తాగితే సరిపోతుందనుకోకండి. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ, నీళ్లు ఆవిరైన మేరకి నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది.

బావికీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య కనీసం 15 మీటర్లు ఉండాలని సాధారణ సలహా. మీ ట్యాంకు ఒక్కటే చూసి ఊరుకోకండి, గోడ అవతల పక్కింటివాళ్లది ఎక్కడుందో కూడా చూడండి.

ఇంటి నుంచే పని చేస్తాను. ఇంటర్నెట్ సంగతి ఎలా తేల్చుకోవాలి?

కంపెనీ మ్యాపు చూసి నమ్మకండి. మీ ఫోనూ ల్యాప్‌టాపూ పట్టుకెళ్లి, మీరు కూర్చోబోయే గదిలోనే కూర్చుని, మీ పని వేళల్లోనే గంటసేపు వీడియో కాల్ చేయండి. వరండాలో వచ్చే సిగ్నల్ మందపాటి గోడల లోపలికి రాకపోవచ్చు.

కేబుల్ రాని చోట ఉపగ్రహ ఇంటర్నెట్ ఒక దారి, అయితే అందులో రెండు రకాలున్నాయి. పాతరకం ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకనుకి పైగా పడుతుంది, మీటింగులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఒకేసారి ఆగిపోతుంటారు. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే కొత్తరకం వాటితో ఆ ఇబ్బంది దాదాపు ఉండదు. ఏదైనా సరే, కరెంటు పోతే రౌటర్ కూడా పోతుంది. ఇన్వర్టర్ లెక్క కూడా అందులో కలుపుకోండి.

ఆసుపత్రి ఎంత దూరంలో ఉంటే పర్వాలేదు?

ఏ ఆసుపత్రి, ఏ జబ్బుకి అన్నది ముందు ప్రశ్న. మెదడులో రక్తనాళం పూడుకుని పక్షవాతం వస్తే, గడ్డని కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఎక్కించాలి. అందులోనూ ముందే ఎక్కిస్తే ఫలితం మేలు. నాలుగున్నర గంటలంటే చాలా సమయమే అనిపిస్తుంది. కానీ ఇంట్లోవాళ్లు గుర్తించడానికి పట్టే సమయం, బండి దొరకడం, ప్రయాణం, స్కాన్, అన్నీ అందులోనే. స్కాన్ లేని చిన్న ఆసుపత్రి పది నిమిషాల దూరంలో ఉన్నా ఈ పనికి ఉపయోగం లేదు.

గుండె ఒక్కసారిగా ఆగిపోతే లెక్క నిమిషాల్లోకి వస్తుంది. ఛాతీ నొక్కి షాక్ ఇవ్వకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. అంత త్వరగా అంబులెన్సు ఏ పల్లెకీ రాదు, ఆ మాటకొస్తే పట్నంలో సాయంత్రం ట్రాఫిక్‌లోనూ రాదు. కాబట్టి ఎక్కడున్నా ఇంట్లో ఇద్దరు సీపీఆర్, అంటే ఛాతీ నొక్కే ఈ ప్రథమ చికిత్స, నేర్చుకోండి. గుండెజబ్బు ఉన్నవాళ్లో, ఇంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లో ఇంట్లో ఉంటే, స్కాన్ ఉన్న ఆసుపత్రికి గంటలోపు చేరలేని ఊరు నేనైతే ఎంచుకోను.

పట్నంలో ఫ్లాట్ చూస్తున్నాం, రోడ్డు వైపు బావుందా లోపలి వైపా?

లోపలి వైపు. వెలుతురు కాస్త తక్కువైనా సరే. రాత్రిపూట రోడ్డు చప్పుడు సగటున 45 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో సూచించింది. పెద్ద రోడ్డు పక్క గదిలో కిటికీ తెరిస్తే అది దాటడం ఎంతసేపు? చప్పుడుకి అలవాటు పడ్డామని మనం అనుకుంటాం, నిద్రలో శరీరం మాత్రం ఉలిక్కిపడుతూనే ఉంటుంది.

## ఆరోగ్యం, పిల్లలు, పెద్దవాళ్లు

పల్లె గాలి స్వచ్ఛం కదా, ఆ ఒక్కదానికైనా వెళ్లొచ్చు కదా?

చాలాచోట్ల మెరుగే, అన్నిచోట్లా కాదు. పీఎం 2.5 అనే సన్నటి ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పరిమితి బిగించింది, అంతకుముందు అది 10. పట్నాల్లో వాహనాల వల్ల దాటుతుంది. పల్లెల్లో కట్టెల పొయ్యి పొగ, పంట కోసిన తర్వాత పెట్టే మంటలు, ఇటుక బట్టీలు, మట్టిరోడ్ల దుమ్ము దాటిస్తాయి. ఇల్లు చూసేటప్పుడు గాలి ఎటునుంచి వీస్తుందో, ఆ వైపు ఏముందో అడగండి. క్వారీ ఉందని అమ్మేవాళ్లు చెప్పరు, పక్క ఇంటి ఆకుల మీది తెల్లటి పొడి చెబుతుంది.

పల్లె నిజంగా చల్లగా ఉంటుందా?

రాత్రిళ్లు ఉంటుంది. ల్యూక్ హోవార్డ్ అనే ఆయన 1818 నాటికే లండన్ ఉష్ణోగ్రతలు కొలిచి, నగరం రాత్రిపూట చుట్టుపక్కల పల్లెలకంటే 3.7 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు 2 సెల్సియస్ డిగ్రీలు వెచ్చగా ఉందని రాశాడు. పగలు మాత్రం కాస్త చల్లగానే ఉందన్నాడు. కాంక్రీటు, తారు పగలంతా వేడి పీల్చుకుని రాత్రి వదులుతాయి. కాబట్టి మిట్టమధ్యాహ్నం తేడా పెద్దగా తెలియకపోవచ్చు, తెల్లవారుజామున తెలుస్తుంది.

పిల్లలకి ఏది మంచిది?

వయసుని బట్టి. పదేళ్లలోపు పిల్లలకి ఆరుబయట గడిపే గంటలు చాలా ముఖ్యం. పగటి వెలుతురులో తిరిగే పిల్లలకి హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించే లోపం, వచ్చే అవకాశం తక్కువ. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లల్ని రోజుకి 120 నిమిషాలు బయట ఉంచే పద్ధతి పెట్టారు, ఆ తర్వాతి ఏళ్లలో చూపు మందగించిన పిల్లల శాతం తగ్గుముఖం పట్టింది. పల్లెలో ఆ రెండు గంటలు పిల్లల్ని ఎవరూ తరమకుండానే గడిచిపోతాయి. ఫోన్ చేతికిస్తే మాత్రం పల్లెలోనూ గడవవు.

పదమూడు, పద్నాలుగు ఏళ్లు దాటాక కథ మారుతుంది. ఆ వయసులో వాళ్లకి తోటివాళ్లు కావాలి, సొంతంగా ఎక్కడికైనా వెళ్లి రావడం కావాలి. బస్సు లేని ఊళ్లో పెరిగే కుర్రాడికి ప్రతిదానికీ అమ్మో నాన్నో బండి తీయాలి. వాడికీ చిరాకు, మీకూ చిరాకు. బడి గురించి ఒక్క మాట: ఊళ్లో బడి ఉందో లేదో అడిగి ఊరుకోకండి, లెక్కల టీచర్ ఎన్నేళ్లుగా ఉన్నారో అడగండి. ఏటా మారిపోతుంటే అక్కడేదో తేడా ఉంది.

అమ్మానాన్నలకి పల్లె ప్రశాంతంగా ఉంటుందని తీసుకెళ్దామనుకుంటున్నాం.

వాళ్లని అడిగారా? ఇది వెటకారం కాదు. పట్నంలో నలభై ఏళ్లుగా ఉన్న మనిషికి రోజూ నడిచే వీధి, అక్కడ పలకరించే నలుగురే లోకం. ఆ నలుగురినీ తీసేసి తోటా కోయిలా ఇస్తే ఆ లోటు తీరదు. పల్లెలోనే పుట్టి పెరిగి, అక్కడ తోబుట్టువులున్న పెద్దవాళ్లైతే వేరే సంగతి, ఉన్న ఊరు కన్నతల్లి అన్నారు. ఇంకొకటి, డెబ్భై దాటాక బండి నడపడం ఆపేసిన మనిషి కాళ్ల మీద ఎంత దూరం వెళ్లగలరో అదే వాళ్ల స్వేచ్ఛ. ఆ దూరంలో కూర్చుని మాట్లాడే చోటు ఒక్కటైనా ఉండాలి.

చెట్లు చూస్తే మనసు కుదుటపడుతుందంటారు. అది నిజమా, కవిత్వమా?

కొంత నిజమే. రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు 1984లో ప్రచురించిన ఒక పరిశీలనలో, పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రోగుల్ని పోల్చాడు. సగం మంది గది కిటికీ లోంచి చెట్లు కనిపించేవి, మిగతావాళ్లకి ఇటుక గోడ కనిపించేది. చెట్లు కనిపించినవాళ్లు సగటున 7.96 రోజుల్లో ఇంటికెళ్లారు, గోడ కనిపించినవాళ్లు 8.70 రోజుల్లో. అయితే ఇందులో గమనించవలసింది వాళ్లందరూ ఉన్నది ఒకే ఆసుపత్రిలో. కిటికీ బయట చెట్టు ఉండటానికి పల్లెకే వెళ్లనక్కర్లేదు, పట్నంలో అలాంటి ఇల్లు వెతుక్కోవచ్చు.

నేరాల భయం లేకుండా పల్లెలో హాయిగా ఉండొచ్చు కదా?

దొంగల భయం తగ్గవచ్చు, రోడ్డు భయం పెరుగుతుంది. అమెరికాలో జనాభాలో సుమారు 20 శాతమే పల్లెల్లో ఉన్నా, రోడ్డు ప్రమాదాల మరణాల్లో 40 శాతం దాకా పల్లె రోడ్ల మీదే జరుగుతున్నాయి. వేగం ఎక్కువ, దీపాలు ఉండవు, సాయం రావడం ఆలస్యం. చీకటి పడ్డాక ఎదురుగా దీపంలేని బండి వచ్చే రోడ్డు మీద మీ పిల్లలు సైకిలు తొక్కాలా అన్నది కూడా భద్రత లెక్కలోదే. పాముల సంగతి సరేసరి. కాటుకి విరుగుడు మందు దగ్గరలో ఎక్కడ నిల్వ ఉంటుందో మొదటి వారంలోనే కనుక్కోండి.

## మారేటప్పుడు

స్థలం కొనేసి ఇల్లు కట్టుకుందామా, ముందు అద్దెకుందామా?

అద్దె. ఏడాది తిరిగేదాకా, అన్ని కాలాలూ చూసేదాకా కొనకండి. ధర పెరిగిపోతుందని తొందరపెట్టేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. పెరిగిన ధరకంటే తప్పు ఇల్లు ఎక్కువ ఖరీదు.

పట్నంలో ఇల్లు అమ్మేసి వెళ్లాలా?

వీలుంటే ఏడాది పాటు అద్దెకివ్వండి. వెనక్కి రావడానికి దారి ఉందని తెలిస్తే మనిషి కొత్తచోట నెమ్మదిగా ఉంటాడు. అప్పుతో ఉన్న ఇల్లయి, వాయిదాలు మోయలేకపోతే మాత్రం ఈ సలహా వదిలేయండి.

పల్లెకి వెళ్తూ ఏం తీసుకెళ్లాలి?

మందులు మూడు నెలలకి సరిపడా, డాక్టరు చీటీల కాపీలు, మంచి టార్చిలైట్లు రెండు, నిచ్చెన ఒకటి. పెద్ద సోఫా వద్దు. మాది గుమ్మంలో పట్టక మూడు నెలలు వరండాలోనే వానకి తడిసింది, ఆఖరికి దాన్ని కుక్క సొంతం చేసుకుంది.

## మారిన తర్వాత

పల్లెకొచ్చి పది రోజులైంది. ఇంత నిశ్శబ్దంలో నిద్ర పట్టట్లేదు!

మామూలే. మొదటి రాత్రి నాకు ఫ్రిజ్ మోటారు ఆగిపోయిన చప్పుడుకి మెలకువొచ్చింది, అంటే ఆగిపోవడం వినిపించింది. ఆపైన కప్పలు, ఎక్కడో కుక్క, రెండింటికి పొలంలో ఎవరో స్టార్టర్ నొక్కిన 'టక్', ఆ వెంటనే బోరు మోటారు గురగుర. నాలుగింటికే కోళ్లు. పల్లె నిశ్శబ్దంగా ఏమీ ఉండదు, అక్కడి చప్పుళ్లు వేరు, అంతే. మన చెవికి ఇంకా వాటి అర్థం తెలియక ప్రతిదానికీ లేపుతుంది. ఫ్యాను వేసుకుని పడుకోండి. మూడు నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. పల్లె నుంచి పట్నం వచ్చినవాళ్లకీ మందు ఇదే.

ఊళ్లో అందరికీ మా విషయాలే కావాలి. ఎంత జీతం, పిల్లలెందుకు ఆలస్యం, ఎందుకొచ్చారు...

పట్నంలో అడగకపోవడం మర్యాద. పల్లెలో అడగకపోతే పట్టించుకోలేదని అర్థం. మొదట్లో నాకూ ఒళ్లు మండేది. మెల్లగా ఒక కిటుకు పట్టుబడింది: చెప్పదలచుకున్న సంగతులు మూడు మీరే ముందుగా, అడగకుండా చెప్పేయండి. వాళ్ల ఆరా తీరుతుంది, మిగతావి అడగరు. ఏమీ చెప్పకుండా తలుపు వేసుకుంటే మాత్రం మీ గురించి వాళ్లే ఒక కథ కట్టుకుంటారు, అది మీకంటే రసవత్తరంగా ఉంటుంది.

ఆ ఆరాకి రెండో వైపు కూడా ఉంది. మా వాకిలి ఒకరోజు పొద్దున తొమ్మిదైనా తెరవకపోతే ఎదురింటి పెద్దావిడ వచ్చి తలుపు కొట్టింది. ఇద్దరికీ జ్వరం. మధ్యాహ్నానికి డాక్టరు దగ్గరికి బండి కూడా ఆవిడే మాట్లాడింది. అంతకుముందు వారమే మా జీతం సంగతి అడిగిందని నేను విసుక్కున్నది ఆవిడ మీదే.

పట్నానికి వచ్చి ఆర్నెల్లయింది, ఇంతమందిలో ఒక్కరూ తెలియదు.

మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రమ్ 1970లలో దీన్ని పరిశీలించాడు. నగరంలో కళ్ల ముందుకొచ్చే మనుషులు మరీ ఎక్కువ కాబట్టి అందరినీ పట్టించుకోలేక మనిషి తన చుట్టూ ఒక తెర కట్టుకుంటాడన్నాడు. అంటే మీ ఎదురు ఫ్లాటు ఆయన గర్విష్టి కాకపోవచ్చు, అలిసిపోయి ఉండొచ్చు. రోజూ ఒకే స్టేషన్లో కనిపిస్తూ ఎప్పుడూ పలకరించుకోని మనుషులకి మిల్‌గ్రమ్ 'తెలిసిన అపరిచితులు' అని పేరు పెట్టాడు. మొదలుపెట్టవలసింది వాళ్లతోనే. పట్నంలో స్నేహం పక్కపక్కన ఉన్నంత మాత్రాన రాదు, పదే పదే ఒకే వేళకి ఒకే చోట కనబడటం వల్ల వస్తుంది. వారానికోసారి ఒకే క్లాసుకో, ఒకే పార్కుకో, ఒకే లైబ్రరీకో మూడు నెలలు మానకుండా వెళ్లండి.

నిర్ణయం సరైందో కాదో ఎన్నాళ్లకి తెలుస్తుంది?

మొదటి మూడు నెలలు అంతా బావుంటుంది, ఆ మాట నమ్మకండి. నాలుగో నెల నుంచి ఎనిమిదో నెల దాకా అంతా తప్పనిపిస్తుంది, అదీ నమ్మకండి. పద్నాలుగో నెల దగ్గర, రెండోసారి అదే కాలం వచ్చినప్పుడు, ఏం రాబోతోందో తెలిసి కూడా మీకు గుండె దిగాలుపడకపోతే ఆ చోటు మీదే. ఇవి నా అనుభవంలోని నెలలు, మీకు కాస్త అటూ ఇటూ కావచ్చు.

వెనక్కి వెళ్లిపోతే అందరూ నవ్వుతారేమో?

నవ్వుతారు. మేము పట్నానికి తిరిగొచ్చినప్పుడు బంధువులు నవ్వారు, లారీ వెంటే వచ్చిన మా కుక్కని చూసి కూడా నవ్వారు. రెండు వారాలకి మర్చిపోయారు. రెండోసారి పల్లెకి వెళ్తున్నామంటే ఎవరూ నవ్వలేదు, ఒకాయన మాత్రం ఈసారి గోడలు చూశారా అని అడిగాడు.